పాండురంగారావు రాసిన స్టోరీ

ఏంటబ్బాయ్, పొద్దున్నుంచీ ఫోన్లో స్టోరీ స్టోరీ అంటున్నావు. మామిడి రేటు మీద స్టోరీ, రోడ్డు గుంటల మీద స్టోరీ. తప్పని కాదులే, మీ పేపరువాళ్ల మాటే అంత. నాకు పాండురంగారావు గుర్తొచ్చి అడిగాను. నువ్వు చూడలేదు, మీ నాన్నకి తెలుసు. నూజివీడులో మా గోనెసంచుల కొట్టు పక్కనే ఆయనది పలకలు, పుస్తకాల కొట్టు. బెజవాడ పేపరుకి విలేకరి కూడాను. చొక్కా జేబు మీద ఎప్పుడూ ఓ సిరా మచ్చ ఉండేది. పలక కొనడానికి ఎవరన్నా వస్తే, "ఒక్క నిమిషం ఆగండి, ఈ వాక్యం అవనివ్వండి" అనేవాడు. వాళ్లూ ఆగేవాళ్లే పాపం. రాసింది కవర్లో పెట్టి బెజవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడు. మర్నాడు పేపర్లో రెండు లైన్లొస్తే చాలు, మా కొట్టుకొచ్చి చదివి వినిపించేవాడు. నేను వింటూ సంచులు కుట్టుకునేవాణ్ణి.

అరవై ఒకటో, అరవై రెండో. వేసవి. చాట్రాయి దగ్గర మామిడితోటలో సాంబయ్య అని కాయ కోసేవాడు ఉండేవాడు. ఆ రోజు కాయ కోసే చిక్కం గెడ పట్టుకుని చిటారు కొమ్మ దాకా ఎక్కాడు. ఈదురుగాలి లేచింది, కొమ్మ విరిగింది. అంతే. పాండురంగారావు ఆ సాయంత్రమే సైకిలేసుకుని వెళ్లాడు. అప్పట్లో ఆ రోడ్డేంటి, అంతా ఎర్రమట్టి, మోకాళ్ల దాకా దుమ్ము. సరే, వెళ్లి అన్నీ కనుక్కుని వచ్చి, రెండు పేజీలు రాసి పంపాడు. సాంబయ్య పదిహేనేళ్లుగా చెట్లెక్కుతున్నాడనీ, కాయ తొడిమ తెగకుండా కోసేవాడనీ, భార్య నాగమణి, ఇద్దరు ఆడపిల్లలనీ. మూడో రోజు పేపర్లో వచ్చింది. ఆ వెనకే ఆఫీసు నుంచి కార్డు: "గుడ్ స్టోరీ." అదీ ఇంగ్లీషులో. మనిషికి కాళ్లు నేల మీద నిలవలా. నాలుగేళ్ల నుంచి రాస్తున్నా ఆయన రాసిందాన్ని స్టోరీ అన్నవాడు లేడు. ఆ కార్డు పోస్టుమాస్టరుకి చూపించాడు, మా ఆవిడకీ చూపించాడు. నాగమణికి కూడా చెప్పాలన్నాడు, నన్నూ తోడు రమ్మన్నాడు.

వాకిట్లో చింతపండు గింజలు తీస్తోందా పిల్ల. పాతికేళ్లుంటాయేమో. ఈయన వెళ్తూనే, "అమ్మా, మీ ఆయన మీద స్టోరీ వచ్చింది పేపర్లో" అన్నాడు. "అంటే ఏంటి బాబుగారూ?" అంది. ఈయన ఆలోచించకుండా, "స్టోరీ అంటే... కథమ్మా" అనేశాడు. ఆ పిల్ల చేతిలో గింజ చేతిలోనే ఉంది. "కథేంటి బాబుగారూ, నిజంగానే పోయాడు కదా" అంది. కోపంగా కాదు. ఎక్కడో పొరపాటు జరిగితే సరిదిద్దినట్టు అంది. తర్వాత, "ఆయన పేరెక్కడుందో చూపించండి" అంది. పేపర్లో ఉన్నది ఒకే ఒక్క లైను. చెట్టు మీంచి పడి కూలీ మృతి. పేరు లేదు. కార్డు వచ్చిన సంబరంలో అది ఈయనా చూసుకోలేదు. "లేదమ్మా" అని మాత్రం అన్నాడు.

మర్నాడు కొట్టు తియ్యలేదు. పొద్దున్నే ఆ బెజవాడ బస్సే ఎక్కి వెళ్లి పేపరాఫీసులో కూర్చున్నాడు. అక్కడి సబ్ ఎడిటరు మర్యాదస్తుడే. "కూర్చోండి రావుగారూ, కాఫీ తాగండి, కానీ ఆ స్టోరీ పాతబడిపోయిందండీ" అన్నాట్ట. "మనిషి పోయి ఆరు రోజులండీ. ఇంట్లో ఇంకా దీపం కొండెక్కనివ్వలేదు" అన్నాట్ట ఈయన. మామూలుగా మెత్తటి మనిషి, గట్టిగా మాట్లాడ్డం చేతకాదు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదట. సాయంత్రానికి వాళ్లే విసుగొచ్చో, జాలేసో మూడు లైన్లు రాసుకుని మర్నాడు పేపర్లో వేశారు. ఊరు, పేరు, భార్యాపిల్లలు. అంతే. ఆ తర్వాత ఆయన ఇంకో పన్నెండేళ్లు రాశాడు. వార్త అనేవాడు, విషయం అనేవాడు. ఆ స్టోరీ అన్న మాట మళ్లీ ఆయన నోట వినలేదు నేను.

ఆ మూడు లైన్లొచ్చిన రోజే పేపరు పట్టుకుని ఆ ఇంటికి మళ్లీ వెళ్లాం. నాగమణికి చదువు రాదు. ఈయన చూపుడువేలు పెట్టి, "ఇదిగోనమ్మా, ఇక్కడ" అన్నాడు. "మూడక్షరాలేనా?" అంది. "మూడే" అన్నాడు. ఆ పిల్ల తన వేలు కొంగుకి తుడుచుకుని అక్కడ పెట్టింది. అప్పట్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు కదా, చచ్చినా పలకరు. ఈయన ఒక్కో అక్షరం చెబుతుంటే, వెనకాలే ఒక్కోటీ అంది. మొత్తం పేరు అయ్యాక మళ్లీ మొదటి అక్షరం మీదకి వేలు జరిపి, ఈసారి ఎవరూ చెప్పకుండానే, మెల్లగా, ఆయన్ని పిలిచినట్టు ఆ పేరంతా అంది...

ఆ ఫ్యాను కాస్త తగ్గించు నాయనా. చలేస్తోంది.