వడ్ల బస్తాల మధ్య సీసా

రేపల్లెలో ఇందుమతి రెండు గాజు గ్లాసులు కడిగి పాత పంచె ముక్కతో తుడుస్తోంది. హైదరాబాదులో పెద్ద హోటల్లో వైన్ వడ్డించే మరిది కౌశిక్, సీసా బిరడాను మెల్లగా లాగాడు.

“ఎక్కడ దాచావు వదినా?”

“వడ్ల బస్తాల మధ్య, పడుకోబెట్టి. ఓడ దిగొచ్చిన రోజు మీ అన్నయ్యే పెట్టారు. ఫ్రాన్సుదట. నీ చేతే తీయించమని పోయేముందు చెప్పారు.”

“ముప్పై ఏళ్లది. ఇలాంటిది వడ్డించడమేగానీ ఎప్పుడూ తాగలేదు నేను.”

“నెయ్యి వంచినట్టు అంత నెమ్మదేంటి?”

“అడుగున మడ్డి కదలకూడదు. ముందు వాసన చూడు. వయసు మీరితే పండు వాసన పోతుంది. తడిమట్టి, ఎండు పొగాకు మిగులుతాయి.”

ఇందుమతి చాలాసేపు గ్లాసు దించలేదు.

“ఇది ఆయన చొక్కా వాసన. ఉతక్కుండా దాచుకున్నాను. నిరుడు అందులోంచి కూడా పోయింది.”

కౌశిక్ తన గ్లాసులోనూ కాస్త వంచుకున్నాడు.

“ఇది ఎంతసేపుంటుంది అబ్బాయ్?”

“గాలి తగిలింది కదా. అరగంట. తర్వాత ఇదీ పోతుంది.”

“అరగంటా?” అంటూ ఆమె గ్లాసు మీద అరచెయ్యి మూసింది.

కౌశిక్ నోటిదాకా తెచ్చిన తన గ్లాసును ఆమె ముందు పెట్టాడు. చెప్పులేసుకుని, తలుపు బయటినుంచి దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.