విమానానికి షెడ్డు

“మొగుడు ఇంటిపట్టునే ఉంటాడని బుక్కరాయసముద్రమంతా నన్ను మెచ్చుకుంటాండారు. మనిద్దరం మాటాడుకొని ఎన్నాళ్లయిందో వాళ్లకేం తెలుసు!”

విడిభాగాలుగా రాబోయే చిన్న విమానాన్ని తనే బిగించుకోవడానికి, ఇంటి వెనక రేకుల షెడ్డులో భర్త నేలమీద సుద్దగీతలు గీస్తున్నాడు. భార్య గడపలో నిలబడింది.

“పక్కకు జరుగు. ఆడ బల్ల వస్తాది.”

“ఈడ?”

“స్టూలు. నేను కూచునేకి.”

“ఒగటేనా? విమానం గొట్టానికి బయట ఒకరు రివిట్ మేకు కొడితే, లోపల ఇనుపదిమ్మె ఆనించేకి ఇంకొకరు కావాలంట గదా.”

“నీకెట్ల తెలుసు?”

“నీ పుస్తకం చదివినా. నువ్వీడ షెడ్డులో, నేనాడ ఇంట్లో, ఇంగేం చేసేది?”

సుద్దముక్క ఆగింది.

“ఆ గొట్టంలోకి ఎవురు దూరతారులే అనుకొంటి.”

“దూరేంత సన్నంగా లేను. అయినా అడిగుంటే దూరేదాన్ని.”

“అడగాల్సింది. తప్పు నాదే.”