ఊకొట్టే పిల్ల

అమెరికాలోని అలబామా రాష్ట్రం, బెస్సెమర్ ఊరు, ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం. నల్లవాళ్ల చర్చిలో ఆరాధన ముగియగానే వెర్డెల్ పెద్దమ్మ, బళ్లో నడవడిక పాఠాలు చెప్పే లూషస్‌ని వెంటబెట్టుకొచ్చి తన వంటింట్లో కూర్చోబెట్టింది. చిన్నప్పుడు సండే స్కూల్లో అతనికి వాక్యాలు వల్లె వేయించింది ఆవిడే. రానంటే ఊరుకునే మనిషి కాదు.

"తిను నాయనా. ఆకుకూర ముట్టనే లేదు."

"ఆకలిగా లేదు పెద్దమ్మా."

"పండగ పూట, పంది ముక్క వేసి ఉడికించిన ఆకుకూర ముందు కూర్చుని ఆకలి లేదా? ఒంట్లో బాలేదా ఏం?"

"బాగానే ఉంది. ఏదో మాట్లాడాలన్నారు..."

"చూశావుగా పొద్దున చర్చిలో, మా మనవరాలు కెజియాని."

"చూశాను. బెదిరింది, అంతే. చిన్నపిల్ల కదా, అంతమంది ముందు..."

"బెదరడమా? కెజియానా? నాలుగేళ్లప్పుడే పాస్టరుగారి ప్రసంగానికి ఊకొట్టిన పిల్లరా అది! ఆయన ఒక మాట అంటే చాలు, 'అదీ! చెప్పండి సార్!' అని ముందు బెంచీలోంచి కేక పెట్టేది. ఈ పిల్ల రాని వారం నాకు ప్రసంగం సాగదమ్మా అనేవాడాయన."

"గుర్తుంది."

"అలాంటిది ఇవాళ నాలుగు లైన్ల ఈస్టర్ పద్యం చెప్పలేక పెదాలు బిగించుకుని నిలబడింది. చర్చి చర్చంతా 'నిదానంగా తల్లీ, నిదానంగా, మేమున్నాం' అంటుంటే ఇంకా ముడుచుకుపోయింది. నువ్వేమో తల దించుకున్నావు."

"నేనా? కంట్లో ఏదో..."

"పడింది. సర్లే. ఇంట్లోనూ ఇదే వరస. అడిగితే తలూపుతుంది. నోరు పడిపోయిందటే అంటే, 'మంచి పిల్లలు మధ్యలో మాట్లాడరు అమ్మమ్మా' అంది."

"అదేం తప్పు కాదుగా పెద్దమ్మా. ఒకరు మాట్లాడేటప్పుడు వినడం..."

"ఊకొట్టకుండా వినడం ఏం వినడంరా? గోడా అలాగే వింటుంది."

"బడి వేరండీ. అక్కడొక పద్ధతి..."

"ఎవరి పద్ధతి?"

"పుస్తకంలో ఉంటుంది. నోరు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని..."

"ఆ పుస్తకం రాసినవాడు మన చర్చిలో ఒక్క పూట కూర్చున్నాడా?"

"కూర్చుని ఉండడు."

"నువ్వు కూర్చున్నావుగా! మన పిల్లలకి నడవడిక నేర్పాలంటే మన తీరు తెలిసినవాడే కావాలి, మనవాడే కావాలి అని పోట్లాడి కదా నిన్ను వేయించుకున్నాం! ఆ పిల్ల నోరు నొక్కిందెవరో నువ్వే కనుక్కోవాలి."

"కనుక్కుని ఏం చేస్తారు? తిడతారా?"

"తిట్టను. ఒక్క మాట అడుగుతాను. 'బళ్లో సార్ చెప్పేది బాగుందని అదీ! అన్నాను అమ్మమ్మా, బయట నిలబెట్టారు' అంది కెజియా. మెచ్చుకున్నందుకు శిక్షా? ఎక్కడైనా ఉందా ఇది?"

"ఆ రోజు... వెనక బెంచీలో తనిఖీ వాళ్లు కూర్చుని ఉండొచ్చు పెద్దమ్మా. వీళ్ల పిల్లలకి అదుపు లేదు, ఈ మాస్టారికి చేతకాదు అనుకుంటారని ఆయనకి భయమేసి ఉండొచ్చు."

"గుమ్మడికాయ దొంగ ఎవరంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటావు?"

"అది కాదు, నేననేది... పిల్ల మీద కోపం కాదు. సిగ్గు. ఇంట్లో ఉన్నట్టు వాళ్ల ముందు ఉన్నామని సిగ్గు. తర్వాత అది నోరు మెదపడం మానేస్తే, బాగుపడిందనుకుని... మర్యాద కింద మంచి మార్కు కూడా వేసి..."

"నీకెలా తెలుసు?"

"బళ్లో... అలాంటివి జరుగుతూనే ఉంటాయి."

"ప్లేటు వంక కాదు, నా వంక చూసి చెప్పు."

"పెద్దమ్మా, మీరు... మీరు కెజియాని అడగలేదా, ఆ సారెవరని?"

"అడక్కేం! బతిమాలాను, బెదిరించాను. పేరు మాత్రం చెప్పదే!"

"ఎందుకట?"

"'చెబితే మన చర్చిలో అందరికీ తెలిసిపోతుంది అమ్మమ్మా. ఇక ఆ సారు లేచి ప్రార్థన చేసినప్పుడు ఎవ్వరూ ఊకొట్టరు, పాపం' అంది."