ఆకాశంలో బంతి, కింద ఇంటర్వ్యూ

స్టేడియం గోడకి ఆనుకుని ఉన్న టీ కొట్టును తీసెయ్యమని ఫుట్‌బాల్ క్లబ్బు పాత జనరల్ మేనేజర్ చెప్పి మరీ వెళ్లిపోయాడు. కొత్త మేనేజర్ ఏమంటారోనని కొట్టు నడిపే ఆమెకి నిద్ర పట్టడం లేదు. అది మైదానంలో సున్నం గీతలు గీసే బాబాయ్‌కి బాగా కలిసొచ్చింది. రోజూ బల్ల మీద చతికిలబడి, నేనున్నాగా అంటూ ఊరికే టీ తాగిపోతున్నాడు. ఆ రోజూ మొదలెట్టాడు.

"నీకెందుకే అమ్మాయ్ బెంగ? ఆ మేనేజర్ని ఏరిందెవరు? నేను. అంటే, ముందు చిన్న సలహా ఇచ్చానంతే. గీతలు గీస్తుంటే క్లబ్బు ఓనరుగారు తల పట్టుకుని వచ్చి, ముగ్గురొచ్చారు బాబాయ్, ఎవర్ని తీసుకోవాలో పాలుపోవట్లేదు అన్నారు. గదిలో కూచోబెడితే ఏం తెలుస్తుందండీ, నా దగ్గరికి పంపండి అన్నాను. పంపారు, ముగ్గురూ కోటూ బూటూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సున్నం డబ్బా పక్కన పెట్టి, బంతిని ఒక్క తన్ను తన్నాను."

"మొన్న మోకాలు నొప్పన్నావుగా?" అన్నాడు టీ తాగుతున్న బస్సు డ్రైవరు.

"నొప్పి ఎడమకాలికిరా, తన్నింది కుడికాలితో. మబ్బుల్లోకి పోయింది, ఇంక రాదే. పైన పోతున్న విమానాన్ని పక్కకి తిప్పుకుని, పైలెట్ కిటికీలోంచి తల బయటపెట్టి, చూసి తన్నవయ్యా పెద్దమనిషీ అన్నాడు. సారీ చెప్పాననుకో, మర్యాద మర్యాదే. అప్పుడన్నాను ముగ్గురితో, బంతి ఎక్కడ పడుతుందో చెప్పినవాడిదే కుర్చీ అని. ఒకడు మెడ పైకెత్తి పరిగెత్తి గోల్ స్తంభానికి గుద్దుకున్నాడు. ఇంకొకడు లెక్కలేస్తూ తిరిగి నా గీతలన్నీ తొక్కేశాడు. మూడోవాడు కోటు విప్పి గడ్డి మీద పరిచి, పడినప్పుడు చూద్దాంలెండి, మీరు కాస్త కూచోండి బాబాయ్ అన్నాడు. అదిరా ఓపికంటే. వీడే మేనేజర్ అన్నాను."

"మరి బంతి?" అన్నాడు డ్రైవరు.

"మర్నాడు పడింది. మీద మంచు గడ్డకట్టింది, ఆ పైన ఏదో పిట్ట గూడు కట్టి గుడ్లు కూడా పెట్టేసింది. అవి పిల్లలయ్యేదాకా మ్యాచ్ ఆపించాను. ఇంక ఆ మేనేజర్, ఆరడుగుల మనిషి, గుబురు మీసాలు, నా చేతులు పట్టుకుని, ఏ ఆటగాణ్ణి కొనాలో మీరే చెప్పాలని ఒకటే బతిమాలడం. అదంతా తర్వాత, ముందు మా అమ్మాయి కొట్టు జోలికి రాకు అన్నాను. మీసం మీద చెయ్యేసి మాటిచ్చాడు."

ఆమె గ్లాసులు కడుగుతూ నవ్వాపుకుంది. ఇవాళ ఆమె మొహం తేటగా ఉంది.

"కొట్టు ఉంటుంది బాబాయ్. పొద్దున మేనేజర్ గారే వచ్చి, టీ తాగి, తీయక్కర్లేదని చెప్పారు."

"చూశావా?" అని బాబాయ్ డ్రైవరు వైపు తిరిగి గ్లాసెత్తాడు.

"ఇంకో మాట కూడా," అంది ఆమె. "మైదానంలో గీతలు వంకరగా ఉన్నాయి, ఆ గీసే మనిషిని మార్చేస్తానన్నారు. మా బాబాయేనండీ, పెద్దవాడు, కాస్త చూసీ చూడనట్టు పొండి అని నేనే ఓ మాట వేశాను. ఆవిడ సరేనన్నారు."

గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఆవిడా?" అన్నాడు బాబాయ్.