అమ్మినోడి వంతు

తెల్లవారుతుండగా చిత్తూరు కబేళా వాకిట్లో ఒక రైతు తన ఎద్దును పట్టుకొని నిలబడినాడు. కసాయి దాని చుట్టూ తిరిగి, చెవులు తడిమి చూస్తున్నాడు.

“ఎందుకమ్ముతుండావబ్బా?”

“కాలు కుంటిదప్పా, దుక్కికి పనికిరాదు.”

“కాలు కుంటిదయితే చెవులెందుకు కాలుతుండాయి?”

“ఎండన పడి వచ్చింది గదా.”

“పొద్దే పొడవలేదు, ఎండ యాడిది?”

“అనుమానముంటే కొనొద్దులే. ఈ యుద్ధంతో ధరలు పెరిగి, ఇంట్లో గింజల్లేక వచ్చినాను.”

“కోప్పడొద్దు, కొంటాలే. కోసినాక అమ్మినోడికి మొదటి వంతు ఇచ్చేది మా వాడుక గదా. కార్జం నీ పిల్లోళ్లకు పంపిస్తా.”

“వద్దప్పా.”

“పోయినసారి ఇంకో ముక్క వెయ్యమని కొట్లాడినావే!”

“ఇప్పుడు మాకు ఉపవాసాలు.”

“ఈస్టరు పోయిన ఆదివారమే అయిపాయ. మీ గుడి గంటలు నాకూ వినిపించినాయి. నిజం చెప్పబ్బా.”

“పక్కింటి ఆవు గూడా ఇట్లే ఒళ్లు కాలి, మొన్న చచ్చిపోయిందప్పా.”

“నీ పిల్లోళ్లు తినకూడనిదాన్ని నేను కొయ్యను. పలుపు పట్టుకో, పశువుల డాక్టరు దగ్గరికి పోదాం.”

“ఆయన దీన్ని చంపి పూడ్చమంటే నా గతేమి?”

“గింజలు మా ఇంట్లో కొంచెముండాయి, తీసుకుపో. గుంత లోతుగా తవ్వాల, పార పట్టుకొని నేనూ వస్తా.”