బొగ్గుతట్ట మనిషి పేరు

2006లో ఒక మధ్యాహ్నం. తమిళనాడు కోవిల్‌పట్టిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే అమ్మాయి పక్కింటి అవ్వను పిలుచుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"పాత రైలు ఫోటోలన్నీ ఇందులో దాచిపెట్టినారు అవ్వా. ఇది మన స్టేషనే."

"ఇంజను పక్కన బొగ్గుతట్ట ఎత్తుకోని ఉండేది మా ఇంటాయనే. ఇంట్లో ఆయన ఫోటో ఒకటి కూడా లేదు."

"కింద ఇంజను నంబరు రాసినారు. ఆయన్ని మాత్రం ఉత్త కూలీ అన్నారు. పేరు చెప్పు, ఈ ఫోటోలు పెట్టినవాళ్లకి రాసి పంపుతాను."

"మొగుడి పేరు నోటితో ఎట్ల చెప్పేది? కళుగుమలై కొండ సామి పేరే."

"మురుగన్. పంపేదా?"

"అది కాదు. ఆ కొండ పేరు కూడా కలిసి వస్తుంది."

"అట్లా నాలుగైదు పేర్లున్నాయి అవ్వా. తప్పు పేరు పోతే లోకమంతా అదే చదువుతుంది."

అవ్వ తెర దగ్గరికి వంగింది.

"కళుగాచలం."

అవ్వ నోట ఆ పేరు అమ్మాయి ఎప్పుడూ వినలేదు. తలెత్తి చూసేసరికి అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, ఫోటోలోని మనిషితో మెల్లగా మాట్లాడుతోంది.

"కోపం చేసుకోవద్దు. ఇంజనుకే నంబరు ఉంది, మీకు పేరు లేకుంటే ఎట్ల?"