కాలి బ్రేకు

తిరుత్తణి నుంచి వచ్చిన మూడు చక్రాల స్కూటరు తిరువళ్లూరులో తనిఖీకి నిలబడింది. పేరుకు అది కాలు బాగలేని కోకిల బండి. వెంట వచ్చినవాడు ఆమె అన్న, మగ్గం నేసే మురళి, బండి చుట్టూ తిరుగుతున్నవాడు ఇన్‌స్పెక్టర్ దామోదరన్. చెల్లెలికి బండి చేసిచ్చాడని, అన్నంటే ఇట్లా ఉండాలని వాళ్ల వీధంతా మెచ్చుకుంటుంటే, కోకిలకు మాత్రం లోపల కుతకుత ఉడుకుతూనే ఉంది.

"ఇంత పొడుగు పెట్టె ఎందుకయ్యా మురళీ?"

"మా కోకిల పాప ఊతకర్ర పెట్టుకునేదానికి సార్."

"ఊతకర్ర దీంట్లో సగం గూడ లేదే. ఈ కొక్కేలు?"

"అదీ... కర్ర జారకుండా."

"నేనూ తిరుత్తణిలో పెరిగినోణ్ణే. మగ్గానికి పడుగు నూలు చుట్టిన దోనె తగిలిచ్చే కొక్కేలు నాకు తెలీవా?"

"ఎప్పుడన్నా ఒగసారి సార్. బండి పాపకే. సోమవారం నుంచి ఈ ఊర్లోనే దానికి ఉద్యోగం. బస్సెక్కేదానికి చేతకాదు. మీరు పాస్ చెయ్యకపోతే వచ్చిన పని పోతాది."

"నాకూ చెయ్యాలనే ఉండాది. అయితే కాలు బాగలేనోళ్ల బండి అంటే వాళ్ల కోసరమే చెయ్యల్ల, వాళ్లకే వాడల్ల. సరుకు తోలే బండి వేరే క్లాసు. ఇట్ల ఇంటికాడ వెల్డింగు పెట్టినదానికి ఆ క్లాసులో జన్మకు పాస్ రాదు."

"అందుకే గదా సార్..."

"అందుకే గదా అంటే?"

"ఏం లేదు సార్. పాప కోసరమే అంటా ఉండా."

"సరి. వెనక చక్రాల బ్రేకు యాడుండాది?"

"కింద సార్."

"కింద యాడ?"

"కుడికాలి కాడ."

"ఏమ్మా కోకిలా, నీకు బాగలేంది ఏ కాలు?"

"కుడిదే సార్."

"దాన్నెందుకు సార్ అడిగేది? మగ్గం తొక్కి తొక్కి అలవాటు, చేస్తా చేస్తా కాలికే పెట్టేసినా. పైగా చేతి బ్రేకుకు అంత బరువు ఆగదు."

"ఏం బరువయ్యా? ఆయమ్మ బరువా?"

"బండి బరువే సార్."

"కొండ కింద పూజ చేసినట్టుండారే. బండి తోలి నిమ్మకాయలు తొక్కిచ్చిందెవురు?"

"మంచి గడియ దాటిపోతాదని నేనే... అది రోజూ తోల్తానే ఉండాది సార్. చెప్పు పాపా."

"చెప్పమ్మా. నువ్వే తోల్తా ఉండానంటే నీ మాట మీద సంతకం పెడతా. బ్రేకు తర్వాత మార్చుకుందురు."

"చెప్పు పాపా. సోమవారం నేనే తీసకపోయి దిగబెడతా. నీ మంచికే గదా."

"దోనెలు లేని రోజేనా అన్నా?"

"ఈడ గాదు ఆ మాటలు."

"చేతి బ్రేకు పెట్టన్నా అని ఎన్నిసార్లడిగినా? 'నువ్వు తోలేదెందుకు' అంటివి. నా కాలు చూపిచ్చి నీకు బండి చేసుకుంటివి. నాకు రోసంగా ఉండాదన్నా."

"నోరు మూసుకో కోకిలా. పాస్ కాకపోతే నష్టం నీకే."

"కానీలే. సార్, ఈ బండి నేను ఒక్కరోజు గూడ తోల్లేదు. పాస్ చెయ్యొద్దు."

"మరి సోమవారం ఎట్లమ్మా పోతావు?"

"యాతనపడి రైలెక్కతా సార్. ఈ క్లాసులో రావల్లని అన్న బండిని నా పేరు మీద రాయిచ్చినాడు. అంటే బండి నాది. పెట్టె పీకిచ్చి, బ్రేకు చేతికి పెట్టిచ్చుకోని, తోలేది నేర్చుకోని ఈసారి నేనే తెస్తా. అన్నా, తాళం ఇట్లియ్యి."